తూర్పు ముఖం పంది

ఉబాల్డో ఫెర్రాంతీనికి ఒక మంచి గుణం ఉంది. తనను చూసి ఎవరైనా నవ్వబోయే ముందే తనే నవ్వేస్తాడు. ఎదుటివాడు చెయ్యెత్తేలోపు మన నెత్తిన మనమే ఒక మొట్టికాయ వేసుకుంటే రెండోది పడదని ఆయన సిద్ధాంతం. యాభై నాలుగేళ్లుగా ఈ సిద్ధాంతంతోనే నెట్టుకొచ్చాడు, పెద్దగా నష్టపోయింది లేదు.

నవ్వుకోవడానికి సరుకు కూడా తక్కువేమీ కాదు. కోల్‌సాంబూకో అనే ఇటలీ ఊరి దిగువన, ఆలివ్ తోటల మధ్య ఉన్న ఒకే ఒక్క పొలాన్ని ముప్పై రెండు వేసవులుగా తవ్వుతున్నాడు. మొదట విద్యార్థిగా వచ్చాడు, తర్వాత విద్యార్థుల్ని అదిలించేవాడిగా, ఆ తర్వాత ప్రొఫెసర్‌గా. పదిహేనేళ్లుగా అక్కడి వేసవి తవ్వకాల బడికి ఆయనే పెద్ద. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో రోమన్ ఆసామి ఆ పొలంలో ఇల్లు కట్టుకున్నాడు. పోతూ పోతూ చెంబూ తపేలాతో సహా సర్దుకుని పోయినట్టున్నాడు మహానుభావుడు. పక్క లోయలో తవ్విన వాళ్లకు రంగురాళ్లు పొదిగిన నేల దొరికింది. అవతలి కొండ వాళ్లకు కంచు దేవత చెయ్యి దొరికింది. ఉబాల్డోకు గోడలు దొరికాయి. అవి కూడా నిలబడ్డ గోడలు కావు, మోకాలి ఎత్తు పునాదులు. ప్రతి రాయినీ కొలిచి, గీసి, అంకె వేసి, పద్నాలుగు పెట్టెల కాగితాలు చేశాడు. కాఫీ కొట్టు దగ్గర ఆయన్ని "గోడల ప్రొఫెసర్" అంటారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది, నాకు ఆ ఎలుక కూడా చిక్కలేదు కదా అని ఆయనే ఆ కొట్లో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆ ఏడు జులైలో మాత్రం నవ్వు కొంచెం తగ్గింది. పురావస్తు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. తవ్వకాల అనుమతి ఈ వేసవితో ముగుస్తోంది. చెప్పుకోదగ్గ ఫలితం ఏదైనా చూపిస్తే మూడేళ్లు పొడిగిస్తాం, లేదంటే గోతులు పూడ్చి పొలాన్ని సొంతదారుకు అప్పజెప్పండి అని రాశారు. సొంతదారు ఎప్పటి నుంచో ద్రాక్షతోట వేద్దామని చూస్తున్నాడు. మొక్కలు కూడా మాట్లాడి పెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటున్నారు.

బడి మూతపడితే ఉబాల్డోకు మిగిలేదేమిటి? పెళ్లి లేదు. రాస్తున్న పుస్తకం పదకొండేళ్లుగా మూడో అధ్యాయంలో ఉంది. యూనివర్సిటీలో మెట్ల కింద ఒక గది ఉంది, దానికి కిటికీ లేదు. ఏడాదిలో పది నెలలు ఆ గదిలో కూర్చునేది మిగతా రెండు నెలలు ఈ పొలంలో మోకాళ్ల మీద పాకడం కోసమే. ఈ సంగతి మీద మాత్రం ఆయన ఎప్పుడూ జోకు వేయలేదు.

తనిఖీకి శుక్రవారం అధికారి వస్తుందనగా, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి, నాలుగో కందకంలో ఇలేనియా కషోలి చెయ్యెత్తింది.

ఇలేనియాకు ఇరవై ఏళ్లు. తెర్నీ పట్టణంలో ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు. తవ్వకాలకు రావడం అదే మొదటిసారి. మిగతా పదిమంది పిల్లలు ఫోటోల కోసం టోపీలు సర్దుకుంటుంటే, ఆమె మోకాళ్ల కింద పాత రగ్గు ముక్క వేసుకుని, తాపీతో పొర తర్వాత పొర గీరుకుంటూ పోయేది. ఏదైనా అడిగితే ముందు మట్టి వైపు చూసి, తర్వాత జవాబు చెప్పేది. అలాంటి పిల్ల చెయ్యెత్తిందంటే ఏదో ఉండి ఉంటుందని ఉబాల్డో పరుగున వెళ్లాడు.

గుండ్రటి గొయ్యి. అంచులు కత్తితో కోసినంత నిటారుగా ఉన్నాయి. అడుగున పంది పిల్ల పుర్రె, మూతి సరిగ్గా తూర్పుకు తిప్పి ఉంది. దాని వెనకాల కాళ్ల ఎముకలు జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. ఎముకల మీద కత్తి గాట్లు, నిప్పు తగిలిన మచ్చలు. పుర్రె కింద పీటలా పరిచిన మట్టి బిళ్ల ఒకటి, మూడు ముక్కలైంది. జానెడున్నర వెడల్పు, అడుగున మసి, అంచు దగ్గర పక్కపక్కన రెండు చిల్లులు.

ఉబాల్డో కందకంలోకి దిగడానికి బదులు జారిపడి, పడింది కూడా గమనించనట్టు లేచి, టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత పిల్లలందర్నీ పిలిచి గంటసేపు పాఠం చెప్పాడు. ఇది శంకుస్థాపన బలి అన్నాడు. ఇల్లు కట్టబోయే ముందు ఆ ఆసామి పంది పిల్లను దేవతలకు అర్పించి, తూర్పు ముఖంగా పూడ్చాడన్నాడు. ఆ రెండు చిల్లుల్లోంచి భూదేవికి వైన్ పోశారన్నాడు. అడుగున ఉన్నది హోమం మసి అన్నాడు. ఇటలీ మొత్తంలో ఇంత చెక్కుచెదరని బలిగొయ్యి ఇంకొకటి ఉందో లేదో తనకు తెలియదన్నాడు. ఆఖరి మాట ఒక్కటే నిజం.

మధ్యాహ్నం ఇలేనియా నమోదు కాగితం పట్టుకొచ్చింది. తవ్వకాల్లో ప్రతి పొరకూ, ప్రతి గొయ్యికీ ఒక కాగితం ఉంటుంది. తవ్వేసిన మన్ను మళ్లీ రాదు, మిగిలేది ఆ కాగితమే. వాన పడితే సిరా కరుగుతుందని పెన్సిలుతోనే రాస్తారు. ఆమె చిన్న చిన్న అక్షరాలతో రాసింది: గొయ్యి అంచు గడ్డి వేళ్ల కిందనే మొదలవుతోంది, దున్నిన మన్నును కూడా కోసుకుని దిగింది, లోపలి మన్ను వదులుగా ఉంది.

దుప్పటికి చిరుగు పడిందంటే అది దుప్పటి నేశాకే పడి ఉండాలి. గొయ్యి కూడా అంతే. ఏ పొరను కోసుకుని దిగిందో ఆ పొర కంటే తర్వాతదే అవుతుంది. మన కాలపు ట్రాక్టరు దున్నిన మన్నును కోసిందంటే, ఆ గొయ్యి రోమన్లది కావడానికి వీల్లేదు. ఇది ఆ బడిలో మొదటి రోజు పాఠం. చెప్పేది ఉబాల్డోనే. మీరు చూసింది రాయండి, చూడాలనుకున్నది రాయకండి అని ఆ పాఠాన్ని ముగించేది కూడా ఆయనే.

"ఇది తప్పు రాశావమ్మా," అన్నాడు.

"చూసిందే రాశాను ప్రొఫెసర్ గారూ. నాలుగు పక్కలా చూశాను."

"పైన నాగలి కలిపేసి ఉంటుంది. నీకింకా కన్ను కుదరలేదు. కిందున్న రోమన్ నేల దగ్గర నుంచి మొదలైందని రాయి."

"అక్కడ మొదలైనట్టు నాకు కనిపించలేదండీ."

"నాకు కనిపించింది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా జేబులోంచి రబ్బరు తీసి తనే ఇచ్చాడు. ఇలేనియా ఒకసారి ఆయన మొహంలోకి చూసి, తలవంచుకుని చెరిపింది. చెప్పింది రాసింది. ఉబాల్డో రబ్బరును మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆకలి లేకపోయినా రొట్టె ముక్క తిన్నాడు.

ఇక మంగళ, బుధవారాలు ఆయన నేల మీద లేడు. పురావస్తు శాఖకు స్వయంగా ఉత్తరం రాసి, అందులో "అపూర్వం" అనే మాట నాలుగుసార్లు వాడాడు. మేయరుకు చెప్పాడు. మేయరు రోడ్డు మీద బోర్డు పెట్టిస్తానన్నాడు, దాని మీద పంది బొమ్మ నల్లగా ఉండాలా ఎర్రగా ఉండాలా అని కూడా అడిగాడు. ఫాదరుకు చెప్పాడు, మంగలికి చెప్పాడు. కాఫీ కొట్లో తన మీద తను జోకు వేసుకోకుండా రెండు రోజులు గడిపాడు. అలా గడపడం ముప్పై రెండేళ్లలో అదే మొదటిసారని కొట్టువాడు తర్వాత గుర్తు చేసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాయని పుస్తకానికి కొత్త పేరు కూడా ఆలోచించుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం, ఊళ్లో చూపించాల్సిన వాళ్లందరికీ చూపించడం అయిపోయాక, వంటింట్లో నజ్జరేనా ఒక్కత్తే మిగిలింది.

పిల్లలు లేక మూతపడ్డ ఊరి బడి భవనంలోనే తవ్వకాల పిల్లలు బస చేస్తారు. వాళ్లకు నజ్జరేనా వండి పెట్టడం మొదలై ముప్పై అయిదేళ్లు దాటింది. ఆమెకు డెబ్భై ఆరు. ఉబాల్డోను ఇరవై రెండేళ్ల వయసు నుంచీ ఎరుగును కాబట్టి ప్రొఫెసర్ అని ఎప్పుడూ పిలవలేదు. ఆయన కడిగి ఆరబెట్టిన మట్టి బిళ్ల ముక్కల్ని పళ్లెంలో దూది మీద పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. ఆమె పిండి పిసుకుతోంది.

"ఏదీ, ఊరంతా మోస్తున్నావంటగా. చూపించు నీ దేవతని."

చేతులు తుడుచుకుని పళ్లెంలోకి చూసింది. మూడు ముక్కల్నీ తీసి, ఏది ఎక్కడో వెతుక్కోకుండానే, బల్ల మీద ఒకదానికొకటి ఆనించింది. ఒక చిల్లులో వేలు పెట్టింది.

"ఇది నా పెనం," అంది.

ఉబాల్డో నవ్వాడు. పెనంలాంటిదే అనుకోవచ్చు, ఈ చుట్టుపక్కల కుమ్మరులు రెండు వేల ఏళ్లుగా ఒకే తీరున చేస్తున్నారు కదా, అందుకే అలా అనిపిస్తుంది అని చెప్పబోయాడు.

"తీరు సంగతి నాకు తెలీదు నాయనా. ఇది మా అత్తగారి రొట్టె పెనం. ఇదిగో, ఇక్కడ అంచు పెచ్చు లేస్తే మా ఆయన రాయి పెట్టి అరగదీశాడు, తడిమి చూడు. ఈ చిల్లులు గోడకి మేకుకి తగిలించుకోడానికి. వైన్ పొయ్యడానికంట. రొట్టె పెనం మీద ఎవడైనా వైన్ పోస్తాడా?"

ఉబాల్డో తడిమి చూశాడు. నున్నగా ఉంది. నాలుగు రోజులుగా ఆ నున్నదనం భక్తుల చేతులు తాకి తాకి వచ్చిందని పిల్లలకు చెబుతున్నాడు.

"ఎనభై తొమ్మిదిలో తవ్వకాల ఆఖరి రోజు విందు. పంది పిల్లని నిప్పుల మీద కాల్చాం. దాన్ని ఈ పెనం మీద పెట్టుకుని పొలంలోకి మోసుకెళ్లింది ఎవరు? రేపు పొద్దున్నే తెచ్చిస్తానమ్మా అన్నది ఎవరు?" అంటూ పిండి వైపు తిరిగింది. "ఆ రేపు ఇవాళొచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గుర్తు కూడా నెమ్మదిగా రాలేదు, కుండపోతగా వచ్చింది. ఆగస్టు ఎండ. వైన్ ఎక్కువై తూలుతున్న నలుగురు కుర్రాళ్లు. ఎముకలు పొలంలో వదిలేస్తే అడవి పందులు వచ్చి తవ్వేస్తాయి, పూడ్చండని అప్పటి పెద్ద ప్రొఫెసర్ కేకలేస్తే, ఊరికే పూడ్చడమెందుకు, శాస్త్రోక్తంగా పూడ్చుదామన్నది ఒక కుర్రాడు. అంచులు నిటారుగా కోసింది వాడే. దిక్సూచి తెచ్చి పుర్రెను తూర్పుకు తిప్పింది వాడే. జేబుల్లోని సీసా మూతలు, సిగరెట్ ముక్కలు ఏవీ గోతిలో పడకుండా కాపలా కాసింది వాడే. చివర్లో ఆలివ్ కొమ్మ ఊపుతూ, రెండు వేల ఏళ్ల తర్వాత ఇక్కడ తవ్వబోయే వెర్రిబాగుల ప్రొఫెసర్‌కు మా కానుక అని లాటిన్‌లో ఉపన్యాసం ఇచ్చింది కూడా వాడే. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు అందరూ. ఆ గొయ్యి ఏ పటంలోనూ ఎక్కలేదు. ఎక్కకూడదనే కదా తవ్వింది. వెర్రిబాగులవాడు రావడానికి రెండు వేల ఏళ్లు అక్కర్లేకపోయింది, ముప్పై చాలాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అన్నారా? ఉబాల్డో అయితే టోపీ తీసి దణ్ణం పెట్టి మరీ పడ్డాడు.

కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"సెత్తీమియో పగలగొట్టి ముక్కలు దాచేశాడనుకున్నాను," అంది నజ్జరేనా, పిండి పిసకడం ఆపకుండానే. సెత్తీమియో ఆమె భర్త, పోయి పదేళ్లయింది. "ఇరవై ఏళ్లు దెప్పాను. ఒట్టేసి చెప్పాడు, నమ్మలేదు. ఆఖర్న ఆసుపత్రిలో కూడా, ఇప్పుడైనా ఒప్పుకోవయ్యా అన్నాను. నవ్వాడు పాపం."

ఉబాల్డో బల్ల మీది ముక్కల్ని ఒక్కొక్కటే పళ్లెంలోకి తీసిపెట్టాడు. కాసేపటికి ఆమే అంది, నేనెవరికీ చెప్పనులే, బడి మూసేస్తే నేనెవరికి వండాలి అని. అక్కడే చిక్కొచ్చి పడింది. వయసు తేల్చడానికి ఒక ఎముక ముక్కను ప్రయోగశాలకు పంపాడు, ఫలితం రావడానికి నవంబరు అవుతుంది. అనుమతి కాగితం మీద సంతకం ఈ నెలలోనే పడుతుంది. మూడేళ్లు చేతికొచ్చాక, అయ్యో పొరబడ్డాం అంటే సరిపోతుంది. పొరబడని శాస్త్రజ్ఞుడు ఎవడున్నాడు? ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆ లెక్క చూసుకుంటూనే ఉన్నాడు. ఎంత చూసినా తప్పు కనపడలేదు, సుఖమూ కనపడలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి పిత్సాలిస్ మేడమ్ వచ్చింది. సార్డీనియా ద్వీపం మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, బూట్లు ఉబాల్డో బూట్లకంటే పాతవి. పురావస్తు శాఖలో ఆ జిల్లా తవ్వకాలన్నీ ఆమె కిందే ఉంటాయి. నాలుగో కందకం దగ్గర చాలాసేపు నిలబడి చూసింది. చాలా బాగుంది ప్రొఫెసర్ గారూ అంది. ఆ మాట కోసం ఆయన ముప్పై రెండేళ్లు కాచుకున్నాడు. తీరా వినేసరికి నోట్లో మన్ను పడ్డట్టయింది.

మేడమ్ నమోదు కాగితం అడిగి తీసుకుని చదివి, తిరిగి ఇలేనియా చేతికిచ్చింది. నువ్వేనా తవ్వింది, ఈ గొయ్యి ఎక్కడ మొదలైందమ్మా అని అడిగింది.

ఇలేనియా మట్టి వైపు చూడలేదు. చేతిలో కాగితం వైపు చూసింది. చూసి, అందులో ఉన్నది చదవడానికి నోరు తెరిచింది.

"ఆగమ్మా," అన్నాడు ఉబాల్డో. "మేడమ్, ఈ పంది నేను తిన్నదే."

మొదలుపెట్టాక ఇక ఆగలేదు. జోకుల విషయంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. విందు చెప్పాడు, దిక్సూచి చెప్పాడు, లాటిన్ ఉపన్యాసం అభినయించి చూపించాడు. నజ్జరేనా వేలు చిల్లులో దూరినప్పుడు తన మొహం ఎలా మాడిపోయిందో చూపించాడు. మేయరు బోర్డు మీద పంది రంగు దాకా వచ్చేసరికి పిల్లలు తోపుడు బండ్లను పట్టుకుని నవ్వుతున్నారు. పిత్సాలిస్ మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకుంది. ఉబాల్డోకు ప్రాణం తేలికపడింది. పాత సిద్ధాంతం మళ్లీ గట్టెక్కించింది.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటిది వినలేదు ప్రొఫెసర్ గారూ," అంది మేడమ్. "మీరు చెప్పకపోతే నవంబరు దాకా నాకు తెలిసేది కాదు. అయినా చెప్పారు. మీ గోడల కొలతలు నేను చూశాను, ఒక్క తప్పు లేదు. పంది సంగతి పక్కన పెడదాం. గోడల మీదే రెండేళ్లు పొడిగించమని రాస్తాను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ వెళ్లబోతూ మరోసారి గోతి అంచు వైపు వంగి చూసింది.

"ఒకటే అర్థం కావట్లేదు. గొయ్యి గడ్డి కింద నుంచే మొదలైందని ఇక్కడికి కనిపిస్తోంది. మరి కాగితంలో రోమన్ నేల నుంచి అని రాశారే?" అని ఇలేనియా వైపు చూసి, మెత్తగానే అంది, "మొదటి ఏడాదా? ఫరవాలేదు. కానీ ఇది చూడ్డం రాకపోతే ఈ పనిలోకి రాకూడదమ్మా."

ఇలేనియా చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని మడిచి, మడతను గోటితో గీస్తూ నిలబడింది.

రెండేళ్లు చేతిలో ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. ఉబాల్డో ఇక్కడ సరిపోయే జోకు ఒకటి వెతుక్కున్నాడు, తేలిగ్గా దాటిపోయేది ఏదైనా. ఎన్నడూ లేనిది ఒక్కటీ తట్టలేదు.

"ఆమె సరిగ్గానే చూసింది," అన్నాడు. "సరిగ్గానే రాసింది కూడా. నేను చెరిపించాను. రబ్బరు కూడా నాదే."

పిల్లల్లో ఒకడు అలవాటుగా నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎందుకు?" అంది మేడమ్.

"నాకు కావాలి కాబట్టి. ముప్పై రెండేళ్లుగా ఏదో ఒకటి దొరకాలని ఉంది నాకు. అది దొరికింది అనుకున్నాను. ఈ పిల్ల కాదు అంది."

మేడమ్ గొంతులో కోపం లేదు, నవ్వు కూడా లేదు.

"పంది దగ్గర ఎవరైనా పొరబడతారు. పిల్లతో చెరిపించింది పొరపాటు కాదు ప్రొఫెసర్ గారూ. ఇది బడి. మీకు బడి ఉండాలని నేనిప్పుడు రాయలేను." చేతిలో పుస్తకం మూసింది. "రెండు వారాల్లో గోతులు పూడ్చండి. సెప్టెంబరులో పొలం అప్పజెప్పండి. ఆ పెనం మనది కాదు, ఆవిడకి ఇచ్చేయండి."

ఇచ్చేశాడు. ఈసారి దూది లేదు, పళ్లెం లేదు. క్షమించమ్మా అన్నాడు. ఎవర్ని అడుగుతున్నావు, నన్నా ఆయన్నా అంది నజ్జరేనా. భోజనాలు వడ్డించాక మూడు ముక్కల్నీ సంచిలో వేసుకుని, ఎండలోనే శ్మశానం దారి పట్టింది. ఆ రోజు గిన్నెలు పిల్లలు కడుక్కున్నారు.

సాయంత్రం పనిముట్లు కడిగే తొట్టి దగ్గర ఇలేనియా కొత్త నమోదు కాగితంతో కూర్చుని ఉంది. ఉబాల్డో వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఆమె తలెత్తకుండా ప్రశ్నలు అడిగింది, ఆయన జవాబులు చెప్పాడు. గొయ్యి ఎక్కడ మొదలైంది? గడ్డి వేళ్ల కింద. ఎవరు తవ్వారు? ఉబాల్డో ఫెర్రాంతీని, విద్యార్థి. ఎప్పుడు? పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఆగస్టు నెల. ఎందుకు?

"తర్వాత వచ్చేవాణ్ణి చూసి నవ్వుకోడానికి," అన్నాడు.

ఆమె అలాగే రాసింది. రాసి, పెన్సిలు కింద పెట్టింది.

"మీరు చెరపమన్నందుకు కాదు నాకు కోపం," అంది. "పొద్దున్న ఆవిడ అడిగినప్పుడు, మీరు ఆపకపోతే, కాగితంలో ఉన్నదే చెప్పేసేదాన్ని. మీకోసం. అబద్ధమని తెలిసే చెప్పేదాన్ని. నేను అలాంటిదాన్నని నాకు తెలీదు. అది మీ వల్ల తెలిసింది."

ఉబాల్డో నోట్లో పాత అలవాటు కదిలింది. దాన్ని మింగేశాడు.

"తప్పు చేశాను," అన్నాడు.

ఇలేనియా లేచి, కాగితాన్ని పెట్టెలో మిగతా కాగితాల మీద పెట్టి మూత వేసింది. తాపీని తొట్టిలో ముంచి కడిగి, ప్యాంటుకు తుడుచుకుంది. రోడ్డు దాకా వెళ్లి ఆగింది. సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడితే, బస్సుకు వెళ్తుందేమో, ఇక రాదేమో అనుకున్నాడు ఆయన. రాకపోయినా అడిగే హక్కు తనకు లేదనుకున్నాడు.

"ఉత్తరం వైపు గోడ ఇంకా గీయలేదు," అంది ఆమె అక్కడి నుంచే. "పూడ్చే లోపు గీయాలి కదా. రేపు ఎన్నింటికి?"

"ఆరింటికి," అన్నాడు ఉబాల్డో.